ఎర్ర పెన్సిలు

ఇన్నోకెంతి సవ్విచ్ ఎర్ర పెన్సిలు తీసి, పాటలో మొదటి చరణాన్ని అడ్డంగా కొట్టేశాడు.

వేదిక మీద నిలబడ్డ ముగ్గురూ ఆ పెన్సిలు వంకే చూశారు. లెనిన్‌గ్రాద్‌లో ఏ బృందమైనా బాహాటంగా పాడాలంటే, సాంస్కృతిక భవనంలో ఈయన నడిపే పరిశీలక సంఘం ముందు పాడి అనుమతి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకే ‘అత్తగారి ట్రాక్టరు’ బృందం ఇన్నేళ్ళూ బాయిలరు గదుల్లో, తెలిసినవాళ్ళ వంటిళ్ళలో దొంగచాటుగా వాయించింది. వాళ్ళు రాక్‌లో టాంగో కలుపుతారు, టాంగోలో చావు ఏడుపులు కలుపుతారు, ఉన్నట్టుండి రేకుతొట్టి మోగిస్తారు. అయినా కుర్రకారు వాళ్ళ టేపులు అరిగేదాకా వింటారు. ఈసారీ ముద్ర పడకపోతే ఇక తన దారి తనదేనని డ్రమ్ములు వాయించే ఇల్దార్ తెగేసి చెప్పాడు. అతను పోతే బృందమే లేదు.

అందుకే గిటారు వాయించే సేవా తన పాటలు పక్కన పెట్టి, ఉక్కు కార్మికుల మీద ఓ బుద్ధిగల పాట పట్టుకొచ్చాడు. దీన్ని కాదనే మొనగాడు ఆ భవనంలో లేడని రాత్రంతా ధైర్యం చెప్పాడు. ఆ ధైర్యం కాస్తా ఇప్పుడు నీరుగారిపోతోంది.

“‘మా కొలిమి ఎన్నడూ ఆరదు’. అంటే ఏమిటయ్యా?” ఇన్నోకెంతి సవ్విచ్ అడిగాడు.

“ఆరదనేనండీ. ఇంకేం లేదు,” అన్నాడు సేవా.

“ఇంకేం లేకుండా నువ్వు పాడతావా? నా చెవిలో పువ్వు పెట్టకు. కార్మికుడికి క్షణం తీరిక లేదని వెటకారం.” పెన్సిలు మరో గీత గీసింది. “‘రేపటి పొద్దు మరింత వెచ్చన’. అంటే ఇవాళ చలికి చస్తున్నామనా?”

పక్కనున్న సభ్యురాలు సణిగింది. “ఇందులో నిజంగానే ఏమీ లేదేమోనండీ.”

“లేనట్టు కనిపించడమే ఇందులో కిటుకు, తమారా పావ్లొవ్నా. రాసుకోండి.”

ఆయన్ని మాత్రం ఏమనగలం? రాసేవాడు మాటల చాటున దాచడం, వినేవాడు తవ్వుకోవడం మా ఊరి అలవాటు. ఈయన జీతం తీసుకుని తవ్వుతాడు, అంతే తేడా. ఏమీ దాచనివాడు వస్తే ఏం చేయాలో మాలో ఎవరికీ తెలియదు.

చివరి చరణం కూడా కొట్టేసి ఆయన తలెత్తాడు.

“ఎవడు రాశాడిది?”

“నేనే,” అన్నాడు సేవా.

“నువ్వు కాదు. నీ రాత నాకు తెలుసు, అది ఉత్త పిచ్చి. ఇది విషం. పేరు చెప్పు.”

అకార్డియన్ పట్టుకున్న రిమ్మా సేవా చెవిలో గొణిగింది. “చెప్పేయ్.”

“నోర్మూసుకో. చెబితే అసలుకే మిగలం.”

“అక్కడేమిటా గుసగుసలు?” ఇన్నోకెంతి సవ్విచ్ లేచి నిలబడ్డాడు. “తమారా పావ్లొవ్నా, ఇదీ రాసుకోండి. ఇది రాసినవాడు మళ్ళీ ఈ ఊళ్ళో ఒక్క అక్షరం అచ్చు వేయించుకోకూడదు. వాడి పాత పుస్తకాలుంటే అవి కూడా గ్రంథాలయాల్లోంచి తీసేయాలి. సంఘం తీర్మానం.”

ఆవిడ రాసింది. మిగతా సభ్యులు ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తారు.

“ఇప్పుడు పేరు చెబుతారా, మీ బృందాన్నీ ఇందులోనే కలపమంటారా?”

ఇల్దార్ చప్పుడు కాకుండా తన డ్రమ్ము పుల్లలు సంచిలో పెట్టుకున్నాడు.

రిమ్మా అకార్డియన్ కింద పెట్టి ముందుకొచ్చింది.

“తమరేనండీ, ఇన్నోకెంతి సవ్విచ్. తమరు కుర్రతనంలో వేసిన మొదటి పుస్తకంలో మొదటి పాట.”