దాచుకున్న నొప్పులు

దోసెల బండి అప్పలనరసయ్య చెవి వెనక, ఊళ్లో అందరికీ ఉన్నట్టే, ఓ నొప్పిపూస ఉంది. పెనం తగిలి చెయ్యి చురుక్కుమన్నప్పుడల్లా అది మర్యాదగా అడిగేది: "మోచేతి నుంచి నొప్పి వచ్చిందండీ. ఇప్పుడు తీసుకుంటారా, తర్వాతా?"

"తర్వాత," అనేసి దోసె తిరగేసేవాడు. అలా నెల్లాళ్ల నొప్పులు దాచాడు.

ఆదివారం అతని భార్య పైడమ్మ చిన్నాన్న పోయాడు. వెళ్లేసరికి అందరూ ఘొల్లుమంటున్నారు. అప్పలనరసయ్య కంట్లో మాత్రం చుక్క నీరు రాలేదు. పైడమ్మ కొరకొరా చూసింది. ఇక గతిలేక పూసతో గొణిగాడు: "అన్నీ ఇప్పుడే ఇచ్చెయ్."

"ఓర్నాయనోయ్!"

మోచెయ్యి పట్టుకుని అతను పెట్టిన ఆ కేకకి వీధి కుక్కలు కూడా మొరగడం మానేశాయి. పోయినాయన భార్య సూరమ్మ తన ఏడుపు ఆపుకుని, పరుగున వచ్చి అతని మోచెయ్యి నిమరసాగింది. నిమిరేకొద్దీ మంట చల్లారుతోంది. అతని ఏడుపు సగంలో ఆగిపోయేలా ఉంది.

"నిమరకు అత్తా, తగ్గిపోతాది!" అని బతిమాలాడు.

"విన్నారా? దుఃఖం తగ్గకూడదంట!" అంటూ సూరమ్మ బావురుమంది. "అల్లుడంటే నువ్వే బాబూ! పెద్దకర్మ నాడు కూడా నువ్వే ముందుండి ఏడవాలి."

మర్నాడు పొయ్యి వెలిగించకముందే అప్పలనరసయ్య కాలి చిటికెనవేలితో గడపని ఫెడీమని తన్నాడు.

"ఇప్పుడు తీసుకుంటారా, తర్వాతా?" అడిగింది పూస.

"పెద్దకర్మ నాడు," అన్నాడు, రెండో కాలు ఎత్తుతూ.