భాస్కర్ టైప్ చేస్తున్నాడు

"పోయిన మా అబ్బాయి భాస్కర్ పేరుతో మీ ఛానల్‌లో ఎవరు రాస్తున్నారండీ?"

గుమ్మంలోనే నిలబడి అడిగింది ప్రసన్నలక్ష్మి. భీమవరంలో తన ఇంటి ముందుగదిలో కూర్చుని పావని ఆటిజం ఉన్నవాళ్ళ కోసం ఆన్‌లైన్‌లో ఓ ఛానల్, గ్రూపు నడుపుతోంది. తనకూ ఆటిజమే. గ్రూపులోవాళ్ళు రాసింది శుక్రవారం శుక్రవారం చదివి వినిపిస్తుంది. ఈ వారం చదివింది భాస్కర్ రాసిందే.

"భాస్కర్... లేరాండీ?"

"ఏడాది దాటిందండి."

పావని పొద్దున్న కూడా అతనితో చాట్ చేసింది మరి.

"మీరు చదివింది ఇంకోసారి పెట్టండి, వింటాను" అంది ప్రసన్నలక్ష్మి. పావని పెట్టింది. తన గొంతే తనకి పరాయిగా వినిపించింది.

"చిన్నప్పుడు చప్పుళ్ళకి చెవులు మూసుకుంటే నాన్న కొట్టేవాడు. ఇప్పటికీ చెరువు మీద నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరుగుతుంటే ఆ మోత నా పళ్ళలోకి దిగుతుంది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటాను. అందరూ బుద్ధిమంతుడంటారు."

ప్రసన్నలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాడేనండి. అచ్చం అలాగే కూర్చునేవాడు. ఈయన చెయ్యి చేసుకునేవారు కూడా. బయటివాళ్ళకి ఎలా తెలుస్తుందండి? 'ఇప్పటికీ' అని రాశాడు, ఎక్కడున్నాడండి వాడు?"

ఈయనంటే ఆమె భర్త పెద్దిరాజు, రొయ్యల రైతు. లోపలికి రమ్మంటే రాకుండా వీధిలో బండి దగ్గరే ఉండిపోయాడు. "వచ్చెయ్ లక్ష్మీ, మనకెందుకీ గోల" అని అక్కణ్ణుంచే కేకేశాడు.

"ఆ పేరు తీసెయ్యండమ్మా" ఆమె బతిమాలింది. "ఇంట్లో ఏ మూల కూర్చున్నా వాడే మాట్లాడుతున్నట్టుంది. నాకు పిచ్చెక్కిపోతుంది."

పావని గోడకేసి చూస్తూ అంది. "మా గ్రూపులో మనిషిని అడక్కుండా తీసెయ్యమండి. మాలాంటివాళ్ళని ఇన్నాళ్ళూ ఎవరూ ఏదీ అడగలేదు."

"పోయినవాణ్ణి ఏం అడుగుతారండీ?"

పావని ఫోను తీసి గ్రూపులో టైప్ చేసింది. "భాస్కర్ గారూ, మీ అమ్మగారు వచ్చారు. మీ పేరు తీసెయ్యమంటున్నారు. తీసెయ్యనా?"

'భాస్కర్ టైప్ చేస్తున్నారు' అని తెర మీద కనిపించింది. ఆగిపోయింది. మళ్ళీ కనిపించింది. దెయ్యాలంటే నవ్వే పావని ఆ నిమిషంలో నిజంగా భయపడింది.

"తీసెయ్యొద్దండి. నేను మాట్లాడ్డానికి ఇంకో చోటు లేదు."

ప్రసన్నలక్ష్మి పావని చేతిలోని ఫోను లాక్కుని వీధిలోకి పరిగెత్తింది. "ఏవండీ! జవాబిచ్చాడండీ! మన భాస్కరేనండీ!"

పెద్దిరాజు బండికి ఆనుకుని తల వంచుకున్నాడు. అతని చేతిలో ఉన్నది కొడుకు ఫోను. ఆమె నిలువునా ఆగిపోయింది. అతను ఆమె మొహంలోకి చూడలేదు. పెళ్ళయిన నాటి నుంచీ ఎప్పుడూ సరిగా చూసిందీ లేదు.

"పేరొక్కటే వాడిది లక్ష్మీ, రాసింది నేను" అన్నాడు. "ఆ దెబ్బలు మా నాన్న నన్ను కొట్టినవి."