బావిలో వెలుగు

"ఎడమకి తిప్పవే. అది గోడ."

బావిలోంచి రమణయ్య గొంతు ఖంగుమంది. గట్టు మీద నిలబడ్డ అతని భార్య పిచ్చమ్మ అద్దాన్ని కాస్త కదిపింది. పైన అంగుళం కదిలితే లోపల వెలుగు బారెడు గెంతింది. నాచు పట్టిన ఒరల మీద పాకి, రమణయ్య కళ్ళల్లో కొట్టి, మళ్ళీ గోడెక్కింది.

నడుంలోతు నీళ్ళలో రమణయ్యకు ఒళ్ళు మండిపోతోంది. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. అద్దంతో ఎండను దించితే తప్ప అడుగు కనబడదు. పొద్దున నీళ్ళు తోడుతుంటే కొంగుముడి ఊడి తాళంచెవి బావిలో పడిపోయిందని పిచ్చమ్మ బిక్కమొహం వేసుకుని వచ్చి చెప్పింది.

అది కూతురు శేషమ్మ ఉన్న గది తాళంచెవి. ఎస్సెల్సీ పాసైన శేషమ్మకు నెల్లూరులో నర్సు ట్రైనింగుకు సీటొచ్చింది. పోతానని మొండికేసింది. పెళ్ళిచూపులు అయ్యేదాకా గడప దాటేది లేదని నిన్న రమణయ్యే ఆమెను గదిలో పెట్టి తాళం వేశాడు. సూళ్ళూరుపేట వాళ్ళు ఇంకాసేపట్లో దిగుతారు. బద్దలుకొట్టిన తలుపు వాళ్ళ కళ్ళపడితే ఇంకేమైనా ఉందా?

మునిగాడు. ఇసుకంతా తడిమాడు. తుప్పు పట్టిన గరిటె ఒకటి దొరికింది. దాన్ని విసిరికొట్టాడు.

"అద్దం పట్టుకోను గూడా చేతగాదంటే నీకు?"

"శేషమ్మ చెప్పినట్టే పట్టుకోనుండానయ్యా. వెలుగు ఎంత వాలుగా వచ్చి పడితే అంతే వాలుగా తిరిగి పోతాదంట. బళ్ళో చెప్పినారంట."

ఆ బడే తన కొంప ముంచిందని రమణయ్య పళ్ళు నూరాడు. కొంచెం పైకి అన్నాడు. కిందికి అన్నాడు. సముద్రపు గాలికి చెయ్యి నిలవడం లేదని పైనుంచి పిచ్చమ్మ గొణిగింది. వెలుగు అన్నిచోట్లా పడింది, అతని కాళ్ళ దగ్గర తప్ప.

రోడ్డు మీద నాయుడుపేట బస్సు హారన్ కొట్టింది. కాసేపు ఆగి, మూలుగుతూ కదిలింది. చప్పుడు దూరమై వినబడకుండా పోయింది.

అప్పుడు వెలుగు తిన్నగా నీళ్ళలోకి దిగి అడుగున నిలిచింది. వణకలేదు, జరగలేదు. ఒక్కో గులకరాయీ విడివిడిగా కనిపించింది. తాళంచెవి మాత్రం లేదు.

"ఇప్పటికి కుదిరిందా నీ చేతికి?" అన్నాడు రమణయ్య, ఓపిక చచ్చి.

"ఇంక పైకి రాయ్యా" అంది పిచ్చమ్మ మెల్లగా.

ఖాళీ గది తాళంచెవి పొద్దుటినుంచీ ఆమె రొంటినే ఉంది.