దుబాయ్ ఇంజనీర్

“ఒక్క సంబంధం చూపియ్యలే. నా పైసలు నాకియ్యున్రి!” హనుమకొండ పెళ్లిళ్ల బ్యూరోలో బల్ల గుద్దాడు ఫ్రిజ్ మెకానిక్ ఖలీల్.

మేనేజర్ గుట్కా చెత్తబుట్టలో ఉమ్మాడు. “ఫీజు వాపస్ రాదు భాయ్.”

వెనక నిలబడ్డ ఒకామె ముందుకొచ్చి తన ఫోన్ బల్ల మీద పెట్టింది. “నాయి గూడ ఇయ్యున్రి. ఈ దుబాయ్ ఇంజనీర్‌ను చూపిచ్చి ఇరవై వేలు గుంజిన్రు. ఇంతవరకు మనిషే కండ్లవడలే.”

ఖలీల్ తొంగిచూశాడు. చెల్లెలి పెళ్లికి అద్దె షేర్వానీలో దిగిన తన ఫొటో. బ్యూరోకు తానే ఇచ్చాడు.

ఆమె ఫొటోను చూసింది. అతన్ని చూసింది.

ఖలీల్ ఫోన్‌ను బోర్లించాడు. ఈ మొహాన్ని ఇంకెంతమందికి చూపించారో!

“ఇగో, ఇద్దర్ని కలిపిన గదా!” మేనేజర్ పళ్లికిలించాడు. “ఇగ వాపస్ దేనికి?”

“థూ!” అందామె.

అది మేనేజర్‌నే కావచ్చు. మొహం తుడుచుకున్నది మాత్రం ఖలీల్.