ముప్పైతొమ్మిది డిగ్రీలు

ఉదయం పదింటికి మిర్చి కోల్డ్ స్టోరేజీ సర్వర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. దాన్ని ఆపింది ప్రోగ్రామర్ శరణ్య రాసిన అసర్ట్ అనే తనిఖీ ఫంక్షనే. గది ఉష్ణోగ్రత పది డిగ్రీలు దాటితే ప్రోగ్రామ్ ముందుకు కదలకూడదని అందులో రాసి పెట్టింది. మూడో గది నుంచి ఇప్పుడు వచ్చిన అంకె ముప్పైతొమ్మిది.

"సెన్సార్ పాడైపోయుంటుంది. ప్రోగ్రామ్‌లో ఆ లైన్ తీసెయ్ శరణ్యా," అన్నారు ఆఫీసులో.

తీసేయడం నిమిషం పని. కానీ ఆ అంకె నిజమైతే గదిలోని రైతుల మిర్చి అంతా రంగు పోతుంది. శరణ్య లైన్ జోలికి పోకుండా స్కూటర్ తీసి, కోల్డ్ స్టోరేజీ ఉన్న ప్రత్తిపాడు రోడ్డు పట్టింది.

మూడో గది తలుపు తీయగానే చల్లగాలి మొహాన కొట్టింది. బస్తాలు భద్రంగా ఉన్నాయి. గోడకు ఉండాల్సిన వైర్‌లెస్ సెన్సార్ మాత్రం లేదు.

అది బయట దుప్పటి కప్పుకుని కూర్చున్న వాచ్‌మన్ గౌస్ బాషా చంకలో ఉంది.

"ఇదేం పని బాబాయ్?"

"పొద్దుట్నుంచి ఒకటే ఒళ్లు నొప్పులమ్మా. జ్వరమేమోనని చూసుకుంటున్నా." సెన్సార్ బయటికి తీసి, దాని మీద వెలుగుతున్న అంకెను నవ్వుతూ చూపించాడు. "తొంభై ఎనిమిది దాటితేనే కదా జ్వరం? ఇది ముప్పైతొమ్మిదిలోనే ఉంది. నాకేం లేదులే."

కోప్పడబోయిన శరణ్య ఆయన నుదుటి మీద చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"అది సెంటీగ్రేడ్ బాబాయ్. మన లెక్కలో నూట రెండు. లేవండి, ఆస్పత్రికి పోదాం."