మూసి కుట్టిన జేబు

"ఈ జేబులో ఎలుకలు కాపురం పెట్టాయా బాబాయ్?"

కుట్టుపని ఆవిడ కోటు కుడిజేబులో చెయ్యి పెడితే, చెయ్యి లైనింగులోంచి దూసుకుపోయి కిందినుంచి బయటికొచ్చింది. వేళ్లకు బిస్కెట్టు పొడి అంటింది.

"ఎలుకలు కాదమ్మాయ్. ఒకటే. కాకపోతే పెద్దది," అన్నాడు కిటికీ అవతలి ముసలాయన.

ఆయన మాటంతా గుసగుస. గొంతు పోయిందట. దుకాణం లోపలికి రమ్మంటే రాడు, వీధి కిటికీ దగ్గరే నిలబడతాడు.

అంతలో వెనకగది తలుపు మీద గోళ్లు బరబరా గీరాయి. ఆ వెంటే ఇల్లెగిరిపోయేంత ఏడుపు.

ముసలాయన ఒకడుగు వెనక్కి వేశాడు. "ముందా తలుపు గడియ పెట్టు. కుక్కలకీ నాకూ పడదు."

"మా దొరబాబు ఎవర్నీ ఏమీ అనడు. మీరొస్తేనే ఎందుకో ఈ గోల!"

దొరబాబు అంటే ఆవిడ కుక్కల ఆశ్రమం నుంచి తెచ్చుకున్న గోధుమరంగు కుక్క. ఎవరో పెంచి, వదిలేసి పోయారట. గొంతు చించుకుని పిలిచినా తల తిప్పడు. ముందుకాళ్లు చాపుకుని గుమ్మంలో కూర్చుని వీధివంకే చూస్తాడు. అందుకే ఆ బిరుదు.

రెండుసార్లు తప్పించుకుని పోయాడు. ఇంకోసారి పోతే వెనక్కి తీసుకెళ్లిపోతామని ఆశ్రమంవాళ్లు తెగేసి చెప్పారు.

"పిలిస్తే నా దగ్గరికి రావాలి బాబాయ్, అంతే. ఒంటిదాన్ని. మిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు వినాలని తెచ్చుకున్నాను. వీణ్ణి అలా వదిలేసిన మనిషి నా కంటపడనీ, నోరు కుట్టేస్తాను!"

"కుట్టు. గట్టి దారంతో కుట్టు," అన్నాడు ముసలాయన.

మళ్లీ తనే అడిగాడు. "దొరికాక తిడతావా?"

"తిట్టనా మరి! వీధులన్నీ తిప్పించాడు."

"అదీ చిక్కు. నీ దగ్గరికొస్తే తిట్లు, వీధిలోకి పోతే షికారు. నువ్వైతే ఎటు పోతావ్?"

ఆవిడకు నవ్వాగలేదు.

"వాడితో దాగుడుమూతలాడు. ఆ వేలాడే బట్టల్లో దాక్కుని ఒక్కసారే పిలువు. వెతుక్కుని వచ్చాడా, బిస్కెట్టు ముక్క పెట్టి, రాజ్యం గెలిచొచ్చినంత మెచ్చుకో. వాడికి విసుగు పుట్టకముందే ఆట ఆపెయ్."

"కుక్కలంటే పడని మనిషికి ఇవన్నీ ఎలా తెలుసు?"

"చిన్నప్పుడు కాకికి నేర్పాను. రొట్టెముక్క కోసం రోజూ పొద్దున్నే నా ముక్కు మీద పొడిచి లేపేది. సెలవురోజు మాత్రం లేపేది కాదు. ఆ క్యాలెండరు నేర్పడమే కొంచెం కష్టమైంది."

వెళ్తూ వెళ్తూ కోటువైపు చూపించాడు. "మళ్లీ ఆ ఎలుక పట్టకుండా పెట్టెలో పెట్టి మూత వెయ్యి. తొందరేం లేదు."

మొదటిరోజు ఆవిడ గౌనుల వెనక దాక్కుని పిలిస్తే దొరబాబు ఆవలించాడు. మర్నాడు ఒక చెవి నిలబెట్టాడు.

ఒక మధ్యాహ్నం పరదా కింద ఆవిడ కాలికి చల్లగా, తడిగా ఏదో తగిలింది. ముక్కు!

ఆవిడ బిస్కెట్టు పెట్టి, చప్పట్లు కొట్టి, గిరగిరా తిరిగింది. కిటికీలోంచి చూసిన కస్టమరు ఒకడు చొక్కా కొలతలు ఇవ్వకుండానే జారుకున్నాడు.

ముసలాయన కోటు అయిందా అని వచ్చేవాడు. అయిందంటే మొహం చిన్నబుచ్చుకుని, ఇంకో గుండీ వదులైందనేవాడు. జేబు సంగతి ఆఖర్న చూద్దామనేవాడు. ఆ తర్వాత అసలు మాట, "ఏం చేస్తున్నాడు వాడు? తింటున్నాడా?"

చివరికి ఒకరోజు అన్నాడు. "ఆ జేబు బాగుచెయ్యకు. మూసి కుట్టెయ్. ఇక దాంతో పనిలేదు. నేను మకాం మారుస్తున్నా. నాబోటి ముసలాళ్లుండే చోటు. అన్నీ ఉన్నాయట, ఒక్కటి తప్ప."

"ఏంటది?"

ఆయన వెనకగది తలుపువంక చూశాడు. "నీలా కుట్టే మనిషి."

ఆవిడ ఆయన ముందే జేబు మూసి కుట్టేసింది, గట్టి దారంతో.

"వెళ్లేముందు వాడికో పరీక్ష. నేను సందు చివర నిలబడతా, నువ్వు గడియ తియ్యి. నేను కనబడుతున్నా నీ పిలుపుకి వెనక్కొచ్చాడా, ఇక వాడు నీవాడే."

"పారిపోతే?"

"నేను పట్టుకుంటాలే."

"కుక్కని చూస్తే గజగజలాడే మీరా!"

గడియ తీయగానే దొరబాబు బాణంలా దూసుకుపోయాడు. సందు చివర ముసలాయన వీపు తిప్పి నిలబడ్డాడు. వాడు సగం దారిలో ఉండగా ఆవిడ గుండె చిక్కబట్టుకుని, కింద కూర్చుని, ఒక్కసారే పిలిచింది.

దొరబాబు ఆగాడు. ఒళ్లంతా వణుకుతోంది. అటు చూశాడు, ఇటు చూశాడు, మళ్లీ అటు చూశాడు.

ఆ వీపు తిరగలేదు.

మెల్లగా వెనక్కొచ్చి, ఆవిడ ఒళ్లో తల పెట్టాడు.

"బాబాయ్, వచ్చేశాడు!"

ఆయన తిరక్కుండానే చెయ్యెత్తి ఊపి, మలుపు తిరిగిపోయాడు. పాపం, ఎంత భయమో అనుకుంది ఆవిడ.

చలికాలం వచ్చింది. వదిలేసి పోయిన కోటు కోసం ఆయన రాలేదు. చిరునామా అడగలేదే అని ఆవిడ నాలుక కరుచుకుంది.

గాలి తగలనిద్దామని పెట్టె తెరిచి, కోటును తలుపు కొక్కేనికి తగిలించింది.

గుమ్మంలో పడుకున్న దొరబాబు దిగ్గున లేచాడు. ఎవరూ పిలవకుండానే వచ్చి కోటు ముందు బుద్ధిగా కూర్చున్నాడు. కుడిచెయ్యి ఎత్తి, చాపాడు.

అది ఆవిడ నేర్పిన ఆట కాదు.

ఎంతసేపు చాచినా ఏమీ రాలేదు. లేచి కుడిజేబు కుట్టు వెంబడి మూతి రాస్తూ, సన్నగా మూలిగాడు.

ఆవిడ కత్తెర అందుకుని, తను వేసిన కుట్లు తనే విప్పడం మొదలుపెట్టింది. దారం గట్టిది, పైగా చూపు ఆనడం లేదు.

జేబు తెరుచుకోగానే ఆ పెద్ద ఎలుక కళ్లదాకా మూతి లోపలికి దూర్చి, తోక ఆడించింది.