చెయ్యి లేచిన వైపు

రీలు ఇంకా ఎక్కకముందే టైలరమ్మ సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టేసింది.

మూతపడిన సినిమా హాలది. ముందు వరసలో మూడు కుర్చీలకు మాత్రం దుమ్ము దులిపారు. ఒకదాంట్లో విచారణ అధికారి, పక్కన గొడుగులు బాగుచేసే ఒకాయన కూతురు, ఆ పక్కన టైలరమ్మ. వెనక, పైగదిలో ఆవిడ మొగుడు. ముప్ఫై ఏళ్ళు ఆ హాల్లోనే ఆపరేటరుగా చేశాడు. పాత ప్రొజెక్టరు ఆయన మాట వింటుంది. ఇంట్లో ఆ భాగ్యం కూడా లేదు పాపం.

ఇరవై రెండేళ్ళ కిందట చౌరస్తా సభలో ఒక నాయకుణ్ణి కాల్చి చంపారు. జనంలోంచి తుపాకీ పట్టిన చెయ్యి ఒకటి లేచింది. మొహం ఎవరికీ కనిపించలేదు. ఆ చెయ్యి తన ఎడమవైపు నుంచి లేచిందని టైలరమ్మ కోర్టులో ప్రమాణం చేసి చెప్పింది. అటువైపు ఉన్నది గొడుగులతని బల్ల ఒక్కటే. కుడివైపు నాయకుడి సొంత పార్టీ ఆఫీసు మెట్లు. గొడుగులతనికి యావజ్జీవం పడింది.

ఇప్పుడు హాలు కూలగొట్టబోతూ సామాన్లు తీస్తుంటే ఆనాటి సభను వార్తలవాళ్ళు తీసిన రీలు బయటపడింది. మూగ రీలు, నాలుగు నిమిషాలది. కూతురు అర్జీ పెట్టింది. అధికారి వచ్చాడు.

"ఎక్కడ నిలబడి చూశారమ్మా?" అని అడిగాడు.

అదే చిక్కు. మొదట్లో ఈ కథ చెప్పినప్పుడు టైలరమ్మ తన కుట్టుషాపు మెట్టు మీద నిలబడేది. ఏడాదికో వరస చొప్పున ముందుకు జరుగుతూ వచ్చింది. ఈమధ్య చెప్పినప్పుడు నాయకుడు ఆవిడ వైపే చూసి నవ్వాడు కూడా.

"ఇంకో రెండేళ్ళు పోతే స్టేజీ ఎక్కి ఆయనకి మైకు సర్దేదాన్నేమో," అని ఆవిడే ఒప్పుకుంది. "నా నోటికి అదుపు లేదు బాబూ. మా ఇంటాయన్ని అడగండి, చెవులు పాడైపోయాయి. కానీ ఆ చెయ్యి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఎడమవైపే."

కూతురు మెల్లగా అంది. "మీ మాట తప్ప మా నాన్న మీద ఇంకేం లేదు, పిన్నిగారూ."

"నాకు మాత్రం మీ నాన్న మీద పగేముందే తల్లీ. నా గొడుగుకి రెండుసార్లు ఊచలు వేసిపెట్టాడు. చూసింది చూడలేదని ఎలా చెప్పను?"

దీపాలు ఆరిపోయాయి. తెర మీద నాయకుడు వచ్చాడు, కుడిచేత్తో మొహం తుడుచుకున్నాడు, నోరు తెరిచాడు. జనంలోంచి చెయ్యి లేచింది. కుడివైపు నుంచి.

అధికారి మళ్ళీ వేయించాడు. మూడోసారీ కుడివైపే.

"రీలు తప్పు," అంది టైలరమ్మ. "ఆయన ఎడమచేత్తో తుడుచుకున్నాడు. నా కళ్ళతో చూశాను."

రీలు తిరగేసి ఎక్కిస్తే ఎడమ కుడి అవుతుందని అధికారి ఓపిగ్గా చెప్పాడు. కానీ నాయకుడి వెనక కట్టిన బ్యానరు అక్షరాలు సరిగ్గానే ఉన్నాయనీ, తాను చదవగలుగుతున్నాననీ, కాబట్టి ఇప్పుడు తెర మీద ఉన్నదే నిజమనీ అన్నాడు. ఆ తర్వాత, ఈ రీలు ఇంతకుముందెప్పుడైనా చూశారా అని అడిగాడు.

"చూడకేం. ఆయన చనిపోయిన వారమంతా ఇక్కడే వేశారుగా, సినిమాకి ముందు. జనం ఒకటే ఏడుపు. మా ఆయనకి అన్నం క్యారియరు తెచ్చి, రోజూ నిలబడి చూసేదాన్ని. చౌరస్తాలో చూసింది చూసినట్టే ఉండేది. ఆ తర్వాతే పోలీసులొచ్చి నన్నడిగారు, గడగడా చెప్పేశాను. ఇప్పుడు ఎవరో మార్చేశారు. ఆ బ్యానరు కూడా అలా ఉండేది కాదు."

ఇన్నేళ్ళకి ఎవరికైనా జ్ఞాపకం చెదురుతుంది లెండి, అన్నాడు అధికారి. టైలరమ్మకి అక్కడ కాలింది. ఆవిడకి చదవడం రాదు. అయినా పిల్లల రుమాళ్ళ మీద పేర్లు కుట్టిస్తారు ఆవిడచేతే. అక్షరం ఆవిడకి డిజైనుతో సమానం, పువ్వూ అంతే, పేరూ అంతే. ఒక్కసారి చూస్తే చెయ్యి మర్చిపోదు.

"కాగితం ఇవ్వండి," అంది.

కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, బట్ట మీద సుద్దతో గీసినట్టు, ఆనాటి బ్యానరు మీది అక్షరాలన్నీ ఒక్కొక్కటే గీసింది. ఎక్కడా ఆగలేదు. గీసి, గర్వంగా అధికారి చేతిలో పెట్టింది.

ఆయన అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చదవలేకపోయాడు. ఇది ఏ భాషమ్మా అన్నాడు. టైలరమ్మ మొహం వాడిపోయింది. చదువురాని దాన్ని, నాకెందుకీ గొప్పలు అని తనని తానే తిట్టుకుంది.

కూతురు ఆ కాగితం తీసుకుని, తలుపు సందులోంచి వచ్చే ఎండకి అడ్డంగా పట్టుకుని, వెనకవైపు నుంచి చూసింది. పెదవులు కదిలాయి. నాయకుడి పేరు, ఆ కింద పార్టీ పేరు, ఒక్క పొల్లు కూడా పోలేదు.

"ఉన్నాయి కదా?" అని టైలరమ్మ మళ్ళీ నిటారుగా కూర్చుంది. "అన్నీ ఉన్నాయి కదా?"

కూతురు తలూపింది.

ఈ హడావుడికి ఆపరేటరు మెట్లు దిగి వచ్చాడు. కాగితం ముందు నుంచి చూశాడు. తర్వాత వెనక నుంచి చూశాడు. దుమ్ము దులపని కుర్చీలోనే కూలబడ్డాడు.

"చెప్పండి వీళ్ళకి," అంది టైలరమ్మ. "ఆ రోజు చౌరస్తాలో నేను చూసింది ఇదే కదూ?"

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు.

"చౌరస్తాలో కాదే," అన్నాడు. "ఆ వారమంతా రీలు తిరగేసి ఎక్కించాను."